పువ్వు కాదు, వెనకున్న శీల చూడండి

(చంటిపిల్లల తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల వైద్యులొకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి. నా చేతిలో ఉన్నది మీకు కనబడాలి. కనబడుతోందా? లేదు కదా. కందిగింజలో సగం కూడా లేదు మరి. ఇది చంటిపిల్ల చెవికమ్మకి వెనక ఉండే శీల. కొందరు మర అంటారు, కొందరు స్క్రూ అంటారు. పేరు ఏదైనా, ఇవాళ మనం మాట్లాడుకునేది ఎక్కువగా దీని గురించే.

కమ్మలు కొనడానికి వెళ్తే మనం ఏం చూస్తాం? పువ్వు చూస్తాం. రాయి ఎరుపా తెలుపా చూస్తాం. తరుగెంత, మజూరీ ఎంత అని బేరమాడతాం. తిప్పి వెనక వైపు చూసేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ముగ్గురు. పరవాలేదు, నేను ఒక్కరూ ఉండరనుకున్నాను. పిల్లల చెవి పాడయ్యేది చాలామట్టుకు వెనక నుంచి. మురికి చేరేది వెనక, జుట్టు చుట్టుకునేది వెనక, బిగుసుకుపోయి లోపలికి దిగబడేది వెనక, ఊడి నోట్లోకి పోయేది కూడా ఈ వెనకదే. ముందు పువ్వు మాత్రం ఫోటోలో చక్కగా ఉంటుంది.

సరే, మొదటి నుంచి వద్దాం. చెవి కుట్టడం అంటే ఏమిటి? పుండు చెయ్యడం. ముహూర్తం పెట్టి, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, చలిమిడి పంచిపెట్టి చేసినా అది పుండే. ఆ మాట ఒప్పుకుంటే సగం పని అయినట్టే. మామూలు పుండుకీ దీనికీ ఒక్కటే తేడా. మామూలు పుండు మూసుకుపోవాలి. ఇది మూసుకోకుండా మానాలి. లోపల లోహం ఉంటుంది, దాని చుట్టూ కొత్త చర్మం గొట్టంలాగా ఏర్పడాలి. సొరంగం రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుపుతారు చూడండి, అలాగే చర్మం ముందు వైపు నుంచీ వెనక వైపు నుంచీ లోపలికి పాకి మధ్యలో కలుస్తుంది. చెవి తమ్మెకి ఇది పైపైన కుదురుకోవడానికి 6 నుంచి 8 వారాలు. గట్టిపడడానికి 6 నెలలు, ఒక్కోసారి ఏడాది. అంటే ఏమిటి? బయట నుంచి చూస్తే మానిపోయింది, ఎరుపు లేదు, నొప్పి లేదు. మధ్యలో మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. 'మానిపోయింది కదండీ, కమ్మలు మార్చాం, చీము పట్టింది' అంటారు. మానింది అంచులు. మధ్య కాదు.

ఎప్పుడు కుట్టించాలి? బారసాల రోజునే కుట్టించేద్దాం, ఓ పనైపోతుంది అంటారు. వద్దు. ధనుర్వాతం టీకా ఉన్న పెంటావాలెంట్ మనకి 6, 10, 14 వారాలకి వేస్తారు. ఆ మూడూ పడ్డాక కుట్టించండి, అంటే నాలుగో నెల వచ్చాక. ఇంకో కారణం ఉంది, ఇది చాలామందికి తెలీదు. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం వస్తే సిరప్పు వేసి ఇంట్లో కూర్చోడానికి లేదు. ఆసుపత్రికి వెళ్లాలి, రక్త పరీక్షలు చెయ్యాలి. చెవి కుట్టిన చోట చిన్న చీము పట్టినా ఆ వయసులో పెద్ద గొడవ. కొన్ని నెలలు ఆగితే ఏం పోతుంది?

మామ్మగారూ, మీరు తల అడ్డంగా ఊపుతున్నారు. శాస్త్రం ఏం చెప్పిందంటారా? శాస్త్రమే చెబుతాను. సుశ్రుత సంహితలో చెవి కుట్టడానికి ఒక అధ్యాయమే ఉంది. అందులో చెప్పిన వయసు ఆరో నెల, లేదా ఏడో నెల. బారసాల కాదు. ఇంకా ఏం చెప్పాడు? బిడ్డని దాది ఒళ్లో కూర్చోబెట్టి, ఆటబొమ్మలతో మరిపించి, వైద్యుడు ఎడమచేత్తో చెవి లాగి పట్టుకుని, సూర్యకిరణాలు ఏ చోట దాటి కనబడతాయో చూసి ఆ చోట తిన్నగా కుట్టమన్నాడు. ఎందుకు? వెలుతురు దాటే చోట రక్తనాళాలు తక్కువ. ఇవాళ మీరు సెల్ ఫోను టార్చి చెవి వెనక పెట్టి చూడండి, సన్నటి ఎర్ర గీతలు కనబడతాయి. ఆ గీతలు తప్పించి కుట్టాలి. 'తిన్నగా' అన్న మాట కూడా గుర్తుపెట్టుకోండి. వంకరగా పోతే కమ్మ కిందికి చూస్తుంది, ఆ పిల్ల జీవితాంతం బుట్టకమ్మలు పెట్టుకున్నప్పుడల్లా బుట్ట ముందుకి వాలుతుంది. చుక్క పెన్నుతో పెట్టించండి. పెట్టాక బిడ్డ తల నిటారుగా పట్టుకుని ఎదురుగా నిలబడి రెండు చెవులూ ఒకేసారి చూడండి. ఒళ్లో పడుకోబెట్టి చూస్తే రెండూ సమానంగానే అనిపిస్తాయి. తమ్మెకి నట్టనడిమి, లేదా వెంట్రుకవాసి పైకి. అంచుకి దగ్గరగా వద్దు. బరువుకి సాగి తెగేది అక్కడే.

ఎవరితో కుట్టించాలి? మూడు దారులు. కంసాలి, గన్ షాటు, సూది.

కంసాలి పద్ధతి గురించి చెడుగా మాట్లాడను. బంగారు తీగ కొస సాన పట్టి, దానితోనే గుచ్చి, దాన్నే చుట్టి రింగు చేసేస్తారు. శీల లేదు, నొక్కుడు లేదు, గాలి ఆడుతుంది, తుడవడం తేలిక. ఇబ్బంది ఎక్కడ? శుభ్రం దగ్గర. ఒకే పళ్లెంలో తీగ, ఒకే గుడ్డతో తుడవడం. మీరు ముందు రోజే తీగ తెచ్చుకుని, గిన్నెలో 20 నిమిషాలు మరిగించి, శుభ్రమైన గిన్నెలోనే మూతపెట్టి తీసుకెళ్లండి. కుట్టేవాళ్ల చేతికి తొడుగు ఇవ్వండి. మరిగించడం, ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపే ఆసుపత్రి ఆటోక్లేవుతో సమానం కాదు, కానీ ఏమీ చెయ్యకపోవడం కంటే ఎంతో మేలు. ఇంకోటి, తీగ కొస రింగు లోపలికి మడిచారా లేదా వేలితో తడిమి చూడండి. బయటికి ఉంటే మెడ గీసుకుంటుంది, తువ్వాలుకి తగులుకుంటుంది.

గన్ షాటు. చప్పుడు, క్షణంలో అయిపోతుంది, అందుకే అందరికీ ఇష్టం. కానీ ఆలోచించండి. సూది చర్మాన్ని కోసి దారి చేసుకుంటుంది. గన్నులో ఉండే కమ్మ కాడ అంత వాడిగా ఉండదు, స్ప్రింగు బలంతో కండని చీల్చుకుని పోతుంది. పైగా ప్లాస్టిక్ గన్నుని ఆటోక్లేవులో పెట్టలేరు, కరిగిపోతుంది. కమ్మలు విడిగా సీలు వేసిన క్యాసెట్టులో వచ్చే రకం అయితే కొంత నయం. ఆ సీలు మీ కళ్ల ముందు చింపమనండి. అన్నిటికంటే పెద్ద లోపం ఏమిటో చెప్పనా? వెనక బిళ్లని గన్నే నొక్కి బిగించేస్తుంది. తమ్మెకి అంటుకుపోయి కూర్చుంటుంది. కుట్టిన రెండో రోజు, మూడో రోజు చెవి వాస్తుంది, అది మామూలే. వాయడానికి చోటేదీ? అందుకని కుట్టిన వెంటనే, అక్కడే, వెనక బిళ్లని కాడ చివరి గాడి దాకా జరపమని అడగండి. చెవికీ బిళ్లకీ మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. రూపాయి బిళ్ల మందం కంటే కాస్త ఎక్కువ అనుకోండి. కమ్మని వేలితో తాకితే ముందుకీ వెనక్కీ కొంచెం ఆడాలి. ఆడకపోతే ఇంటికి బయల్దేరకండి.

సూదితో వైద్యులు, తెలిసిన పియర్సర్లు కుట్టేది మూడోది. నన్నడిగితే ఇదే. ఇంతకంటే చెప్పడానికేం లేదు. ఒక్క మాట, తిమ్మిరి క్రీము రాస్తామంటే చంటిపిల్లలకి ఎంత రాయాలో, ఎంతసేపు ఉంచాలో మీ పిల్లల డాక్టరునే అడగాలి. ఎక్కువ రాస్తే ఒంట్లోకి పోతుంది. కుట్టగానే పాలు పట్టండి, ఏడుపు దానికే తగ్గుతుంది.

తమ్మె సంగతి ఇదంతా. పైన గట్టిగా ఉండే మృదులాస్థి, ఆ జోలికి చిన్నపిల్లల్లో వెళ్లకండి. అక్కడ రక్తప్రసారం తక్కువ, చీము పడితే లోపలి ఎముకలాంటిది కరిగి చెవి ముడుచుకుపోతుంది. మళ్లీ ఆ ఆకారం రాదు.

ఇప్పుడు లోహం. 22 క్యారెట్ల బంగారం అంటే 91.6 శాతం బంగారం, మిగతాది రాగి, వెండి. చెవికి మంచిదే. కానీ పువ్వు 22 క్యారెట్లు, సరే, కాడ ఏమిటి? శీల ఏమిటి? 'హాల్ మార్కు ఉంది కదండీ' అంటారు. 2 గ్రాముల లోపు వస్తువులకి హాల్ మార్కు తప్పనిసరి కాదు. చంటిపిల్లల కమ్మలు ఎన్ని గ్రాములుంటాయి? చాలావాటికి గ్రాము కూడా ఉండదు. కాబట్టి అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. కాడా శీలా కూడా అదే బంగారమని రాయించుకోండి. తెల్ల బంగారం వద్దు, కొన్నిట్లో నికెల్ కలుపుతారు, అది కొందరి చర్మానికి పడదు. వన్ గ్రామ్ గోల్డు కొత్త చెవికి అసలే వద్దు. పూత ముందు అరిగిపోయేది కాడ మీద, ఎందుకంటే రాపిడి అక్కడే. లోపలి ఇత్తడి బయటపడుతుంది. మన పిల్లలు అమెరికాలో, లండన్ లో ఉంటే అక్కడ టైటానియం అడగమనండి, ఇంప్లాంటు గ్రేడు అని, అంటే ఒంట్లో అమర్చడానికి పనికొచ్చే రకం. సర్జికల్ స్టీలు అంటే నికెల్ లేనిదని అనుకుంటారు, ఆ పేరుతో అమ్మే 316 ఎల్ స్టీలులో 10 శాతం పైనే నికెల్ ఉంటుంది. ఆ నికెల్ ని బయటికి వదలకుండా గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి చాలామందికి పడుతుంది, కొందరికి పడదు. ఐరోపా సమాఖ్యలో మామూలు నగల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాముల నికెల్ బయటికి రావడం వరకూ ఒప్పుకుంటారు. చెవిలో గుచ్చే కాడకి మాత్రం 0.2 దాటకూడదు. పచ్చి పుండులో ఉండే లోహానికి లెక్క వేరు, అదీ సంగతి.

ఇంక రోజువారీ. రోజుకి రెండుసార్లు, అంతకంటే వద్దు. మందుల షాపులో నార్మల్ సెలైన్ అడగండి, 0.9 శాతం ఉప్పునీళ్లు. చిన్న ప్లాస్టిక్ ట్యూబుల్లో దొరికితే అవి తీసుకోండి, తెరిచింది ఆ పూటకే. ఇంట్లో చేసుకుంటే పావు లీటరు నీళ్లు మరగబెట్టి చల్లార్చి, పావు టీచెంచా ఉప్పు వెయ్యాలి. గోపురంలా కాదు, తలకొట్టి. ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందని కాదు, మండుతుంది, చర్మం ఎండి పగులుతుంది. రేపటికి దాచకండి.

ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. గోళ్లు కూడా. గాజుగుడ్డ ముక్క ఆ నీళ్లలో ముంచి చెవి ముందూ వెనకా కప్పి రెండు మూడు నిమిషాలు పట్టుకోండి. పాలు తాగేటప్పుడు చేస్తే బిడ్డ కదలదు. దూది ఎందుకు వద్దు? పోగులు శీలకి చుట్టుకుంటాయి. కట్టిన పొరలు మెత్తబడ్డాక అవే గుడ్డకి వచ్చేస్తాయి. రానిది గోకొద్దు, సాయంత్రం వస్తుంది. తర్వాత పొడి గాజుగుడ్డ అద్ది తడి తీసెయ్యండి. వెనక వైపు తప్పకుండా. తడి నిలిచేది అక్కడే. అంతే. నిజంగా అంతే.

'ఇంతేనా, మందు ఏమీ లేదా?' అని అడుగుతారు. మన చెయ్యి ఊరుకోదు కదా. స్పిరిటు రాస్తారు, హైడ్రోజన్ పెరాక్సైడు పోస్తారు, బుసబుస నురగ వస్తుంటే క్రిములు చస్తున్నాయని సంతోషం. క్రిములతో పాటు కొత్తగా పుట్టిన చర్మ కణాలు కూడా చస్తున్నాయి. డెట్టాల్ అదే కథ. ఆయింట్ మెంటు రోజూ దట్టంగా పూస్తే రంధ్రం మూతి మూసుకుని లోపల తడి నిలుస్తుంది. పసుపూ కొబ్బరి నూనే ముద్ద చేసి పెట్టడం... పెద్దవాళ్లూ, కోప్పడకండి. డబ్బాలో పసుపు క్రిములు లేనిది కాదు, నూనెతో కలిసి అది శీల కింద గట్టిపడి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు కింద చీము పడుతుంది. పైకి మాత్రం పచ్చగా చక్కగా కనబడుతుంది. చీపురుపుల్ల, వేపపుల్ల పెట్టడం కూడా ఇక చాలిద్దాం.

నూనె అంటే గుర్తొచ్చింది. చంటిపిల్లలకి రోజూ నూనె మర్దన, సున్నిపిండి నలుగు. మానెయ్యమనను. ఆరు వారాల పాటు చెవి దాకా రానివ్వకండి. తల మీద పోసిన నూనె ఎక్కడికి జారుతుంది? చెవి వెనక్కే. సున్నిపిండి రవ్వలు శీల మరల్లో ఇరుక్కుంటాయి. స్నానం అయ్యాక ఆఖరి చెంబు శుభ్రమైన నీళ్లు చెవి వెనక మీదుగా పోసి అద్దండి. పౌడరు చెవి దగ్గర కొట్టకండి. చెరువులు, కాలవలు, ఈత కొలనులు ఆరు వారాలు వద్దు.

ఇప్పుడు గొడవ పెట్టుకునే విషయానికి వద్దాం. కమ్మ తిప్పాలా, వద్దా? కుట్టినవాళ్లు 'రోజూ తిప్పండమ్మా, లేకపోతే అంటుకుపోతుంది' అంటారు. కొందరు డాక్టర్లూ అంటారు, ఇప్పటికీ. నేను వద్దంటాను. ఎందుకో చూడండి. నున్నటి బంగారానికి చర్మం అతుక్కోదు. అతుక్కున్నట్టు అనిపించేది ఎండిన రసి. మీరు ఎండిన రసితో సహా కాడని తిప్పితే ఏమవుతుంది? గరుకు పెచ్చు సొరంగంలోకి పోయి, రెండు వైపుల నుంచీ పాకి వస్తున్న పలచటి చర్మాన్ని గీరేస్తుంది. రక్తపు చుక్క వస్తుంది. మళ్లీ రసి, మళ్లీ పెచ్చు. మర్నాడు మళ్లీ తిప్పుతారు. రెండు నెలల్లో మానేది నాలుగు నెలలు పడుతుంది. ఉప్పునీళ్లతో తడిపి తుడిచేటప్పుడు దానంతటది కదిలితే చాలు.

తిప్పొద్దు, కానీ చూడాలి. రోజూ చూడాలి. వెలుతురులోకి తీసుకెళ్లి, తమ్మెని మెల్లిగా ముందుకి మడిచి, శీలకీ చర్మానికీ మధ్య ఖాళీ కనబడుతోందా చూడండి. ఈ చూపుకి పట్టేది పది సెకండ్లు. ఇది చెయ్యకపోతే జరిగేదేమిటంటే, వాచిన చెవి శీలని మెల్లిగా మింగేస్తుంది. ఒక రోజు పువ్వు ఉంది, వెనక శీల కనబడదు. ఊడి పడిపోయింది అనుకుంటారు, పక్కంతా వెతుకుతారు. ఎక్కడా ఉండదు. తమ్మెని రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కితే లోపల గట్టిగా తగులుతుంది. చర్మం దాని మీద మూసుకుపోయింది. అప్పుడు ఇంట్లో లాగకూడదు. మత్తు సూది ఇచ్చి చిన్న కోత పెట్టి తియ్యాలి. నెమ్మది మీద వెనక్కి నెడితే వస్తుందా అని ప్రయత్నించకండి, శీల విరిగి లోపలే ఉండిపోతుంది.

మామూలేది, కానిదేది? మొదటి వారం కొంచెం ఎరుపు, కొంచెం వాపు, తెలుపూ పసుపూ మధ్యలో పలచటి రసి ఎండి పెచ్చు కట్టడం, మామూలు. చిక్కటి పసుపుపచ్చ, ఆకుపచ్చ చీము, వాసన, చెవి వేడిగా ఉండడం, ముట్టుకోనివ్వకపోవడం, తగ్గిన వాపు మళ్లీ రావడం, మామూలు కాదు. డాక్టరుకి చూపించండి. జ్వరం, చెవి వెనక గడ్డ, ఎరుపు తమ్మె దాటి పాకడం ఉంటే ఆ రోజే. ఇక్కడ ఒక పొరపాటు అందరూ చేస్తారు. చీము చూడగానే కమ్మ తీసేస్తారు. తీస్తే రంధ్రం మూతులు రెండూ మూసుకుంటాయి, చీము లోపల ఉండిపోయి గడ్డ అవుతుంది. డాక్టరు తియ్యమనేదాకా ఉంచండి, శీల మాత్రం వదులు చెయ్యండి.

చీముకీ పడకపోవడానికీ తేడా తెలుసుకోండి. చీము సాధారణంగా ఒక చెవికి వస్తుంది, నొప్పి ఉంటుంది. నికెల్ పడకపోతే రెండు చెవులకీ వస్తుంది, దురద ఉంటుంది, నీళ్లలా కారుతుంది, చర్మం పొరలుగా లేస్తుంది, కమ్మ ఆకారంలోనే ఎరుపు మచ్చ పడుతుంది. దీనికి యాంటీబయోటిక్ వాడి లాభం లేదు, లోహం మార్చాలి. మూడోది కండ పెరగడం. రంధ్రం పక్కన ఎర్రటి చిన్న బుడిపె అయితే రాపిడి వల్ల, శీల సరిచేసి రాపిడి ఆపితే చాలాసార్లు తగ్గుతుంది. నెలలు గడిచేకొద్దీ పుండు హద్దు దాటి గట్టిగా పెరిగేది కీలాయిడ్. ఇంట్లో అమ్మకో నాన్నకో ఆ గుణం ఉంటే కుట్టించే ముందే చర్మ వైద్యులతో మాట్లాడండి.

ఇప్పుడు మార్చడం. ఎప్పుడు? షాపులో ఆరు వారాలంటారు. చిన్నపిల్లలకి నేను మూడు నెలలు అంటాను. ఆరు నెలల దాకా చెవి ఖాళీగా ఉంచొద్దు, ఒక్క రాత్రి కూడా. కొత్త రంధ్రం గంటల్లో బిగుస్తుంది.

కొనేముందు ఒక చిక్కు చెబుతాను, ఇది తెలీక చాలామంది ఏడిపిస్తారు పిల్లల్ని. షాపులో శీలలు రెండు రకాలు. సౌత్ స్క్రూ అని లావు కాడ, బాంబే స్క్రూ అని సన్న కాడ. గన్ను కమ్మ కాడ సుమారు 0.8 మిల్లీమీటర్లు, చెవిలో రంధ్రం అంతే ఉంటుంది. అమ్మమ్మ ఆప్యాయంగా తెచ్చిన ఏడు రాళ్ల కమ్మకి లావు మర కాడ. అది దూరదు. దూరదంటే ఎవరూ వినరు. నొక్కుతారు, తిప్పుతూ ఎక్కిస్తారు. మర గాట్లు లోపల రంపంలా కోస్తాయి. మొదటిసారి మార్చేటప్పుడు ఉన్నదానంత సన్నపు కాడే తీసుకోండి. పాత కమ్మని షాపుకి పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి. లావుది పెట్టాలంటే ఏడాది ఆగి, మధ్యలో మరో మెట్టు మందం వాడి, అప్పుడు.

పగటి పూట, బిడ్డ కడుపు నిండి ఉన్నప్పుడు, స్నానం అయ్యాక, చర్మం మెత్తగా ఉన్నప్పుడు. నిద్రలో మార్చకండి, కాడ సగంలో ఉండగా ఉలిక్కిపడి తల తిప్పుతుంది. ఇద్దరు కావాలి. ఒకరు ఒళ్లో పెట్టుకుని నుదుటి మీద చెయ్యి వేసి తల పట్టుకోవాలి. కింద తెల్ల దుప్పటి పరవండి, శీల పడితే కనబడుతుంది. కొత్త కమ్మలు ముందే సబ్బునీళ్లలో కడిగి, స్పిరిటుతో తుడిచి, ఆరబెట్టి గాజుగుడ్డ మీద సిద్ధంగా పెట్టుకోండి. స్పిరిటు కమ్మకి, చెవికి కాదు.

ఒక్కో చెవి. రెండూ ఒకేసారి తియ్యకండి. పెచ్చు ఉంటే తడిపి తీసెయ్యండి, పెచ్చుతో సహా కాడ లాగొద్దు. ఎడమచేత్తో పువ్వుని కదలకుండా పట్టుకోండి, తమ్మెని కాదు, పువ్వుని. కుడిచేత్తో శీలని వెనక నుంచి చూస్తే ఎడమవైపుకి, గడియారానికి ఎదురుదిశలో తిప్పండి. గన్ను కమ్మ బిళ్ల అయితే అది మర కాదు, తిప్పితే రాదు. రెండు పక్కల నుంచీ పట్టి కొంచెం కొంచెం ఊపుతూ వెనక్కి జరపాలి, గాడి దగ్గర టక్కుమని ఆగుతుంది, భయపడకండి. కాడని తిన్నగా ముందుకి తియ్యండి. వెంటనే కొత్తది, కొసకి ఒక్క చుక్క వాసన లేని వాజలీను, అదే కోణంలో, ముందు నుంచి. తమ్మెని కొంచెం కిందికి లాగి పడితే సొరంగం తిన్నగా అవుతుంది. సగంలో ఆగితే? నొక్కొద్దు. వెనక్కి తీసి కోణం మార్చండి. మూడు ప్రయత్నాలు. అప్పటికీ పోకపోతే పాతదే పెట్టేసి కుట్టినవాళ్ల దగ్గరికో డాక్టరు దగ్గరికో వెళ్లండి. నాలుగోసారికి పక్కన కొత్త దారి పడుతుంది, ఒక చెవికి వెనక రెండు రంధ్రాలు, ముందు ఒకటి.

కంసాలి తీగ వేయించినవాళ్లకి చిన్న మాట. తీగ కోసి తీస్తారు కదా, కోసిన కొస గరుకుగా ఉంటుంది. అది సొరంగంలోంచి రావాలి. ఆకురాయితో నునుపు చేసి, తడిపి లాగమని చెప్పండి. ఆ అర నిమిషం ఓపిక పట్టరు, అక్కడే రక్తం వస్తుంది.

శీల పెట్టాక బిగించడం మళ్లీ అదే. ఆగేదాకా తిప్పి, చెవికి తగిలితే ఇందాక చెప్పిన ఖాళీ వచ్చేదాకా వెనక్కి వదలండి. వారానికోసారి వదులైందేమో చూడండి.

బరువు. చిన్నపిల్లలకి జతకి గ్రాము, గ్రామున్నర. వేలాడేవి, రింగులు, గొలుసులు మూడేళ్ల దాకా వద్దు. గుప్పిట్లో పడితే ఆ వయసు పిల్లలకి వదలడం తెలీదు. పండక్కి ఫోటో కోసం బుట్టలు పెడతారు, సరే, మాటీలు కూడా పెట్టండి. అవి అందానికే అనుకుంటారు, బుట్ట బరువుని జుట్టు మీదికి ఎక్కించడానికి పుట్టినవి. ఫోటో అవగానే తీసెయ్యండి. లండన్ లో ఉన్న మనవాళ్లకి, అక్కడ బళ్లలో ఆటల పీరియడుకి కమ్మలు తీసెయ్యమంటారు. అందుకని వేసవి సెలవులు మొదలైన రోజే కుట్టించమనండి, కనీసం ఆ ఆరు వారాలన్నా కలిసొస్తాయి.

ఆఖరిది, శీల నోట్లోకి పోవడం. మర అరిగితే శీల దానంతటది ఊడుతుంది. కాడ మీద పెట్టి మెల్లిగా లాగి చూడండి, తిప్పకుండా వచ్చేస్తే మర అరిగినట్టే. కంసాలి దగ్గర కొత్త శీల చేయించుకోవాలి, దారం చుట్టి సర్దుకోకండి. బిడ్డ మింగిందని అనుమానమొస్తే వాంతి చేయించొద్దు, అరటిపండు పెట్టొద్దు, ఎక్స్ రే తీయించండి. రెండో శీలా కమ్మా కూడా పట్టుకెళ్లండి, ఎంత ఉందో డాక్టరుకి తెలియాలి. ఒక్కసారిగా దగ్గు, పిల్లికూతలు, ఊపిరి అందకపోవడం ఉంటే అది కడుపులోకి కాదు, ఊపిరితిత్తుల దారిలోకి పోయింది. ఆగకండి, ఆసుపత్రి. ఏడుపు కూడా రాకుండా నీలంగా మారుతుంటే, ఏడాది లోపు బిడ్డని ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి ఉంచి, భుజాల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు. వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో 5 నొక్కులు. వస్తువు బయటికి వచ్చేదాకా మార్చి మార్చి. ఎవరినైనా 108కి ఫోను చెయ్యమని కేకెయ్యండి. దీన్ని బొమ్మ మీద చేయించి చూపిస్తాను, టీ తాగాక ఎవరూ వెళ్లిపోకండి.

రెండో వరసలో ఆకుపచ్చ చీరమ్మా, మీ పాప ఇందాకటి నుంచి ఎడమ చెవే లాగుతోంది. ముందు మీరు రండి. ఆ కిటికీ దగ్గరికి, వెలుతురులోకి.